ఆదా అయ్యే యూనిట్‌కూ కొనుగోలు పట్టికలో ఒక వరుస ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండళ్ల (ఈఆర్‌సీల) చైర్మన్లకు, సభ్యులకు, రెండు రాష్ట్రాల్లోని విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) సీఎండీలకు, ఇంధన శాఖల కార్యదర్శులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఏటా నవంబరు 30 నాటికి డిస్కంలు తమ వార్షిక ఆదాయ అవసరాల నివేదికలను ఈఆర్‌సీల ముందు పెట్టాలి. అందులో అన్నిటికన్నా పెద్ద ఖర్చు కరెంటు కొనుగోలుది. థర్మల్, జల, సౌర, పవన విద్యుత్తులకు, ఆఖరున విద్యుత్ ఎక్స్ఛేంజీలో కొనేదానికి ఆ పట్టికలో ఒక్కో వరుస ఉంటుంది. ఏది ఎన్ని మిలియన్ యూనిట్లు ఇస్తుంది, స్థిర చార్జీ ఎంత, చర వ్యయం ఎంత అన్నది పైసలతో సహా రాస్తారు, బహిరంగ విచారణల్లో దాని మీద వాదనలు జరుగుతాయి. వినియోగదారుడి దగ్గర ఆదా చేసి సంపాదించగల యూనిట్లకు మాత్రం ఆ పట్టికలో చోటు లేదు. వినియోగదారుల వైపు డిమాండ్‌ను అదుపు చేసే కార్యక్రమాలంటూ డీఎస్‌ఎం పేరుతో వేరే చోట ప్రస్తావన వచ్చినా దానికీ కొనుగోలు లెక్కకూ లంకె ఉండదు.

మేం అడుగుతున్నది ఆ లంకె. పొదుపును ఇంధన పొదుపు దినమైన డిసెంబరు 14 నాటి ర్యాలీలకు, వ్యాసరచన పోటీలకు వదిలేయకండి. ధర కట్టి, టెండరు పిలిచి, కొలిచి, కొనదగిన కరెంటుగా దాన్ని చూడండి. ఇది సాధ్యమేనా, ఎక్కడ ఎంత మిగులుతుంది, ఎక్కడ చేయి కాలుతుంది, డిస్కంలు దీనికి మనస్ఫూర్తిగా ఎందుకు ముందుకు రావు అన్నది వరుసగా చెబుతాం.

ముందు ఫ్యాను సంగతి. సాయంత్రం ఆరు దాటి సౌర విద్యుత్తు తప్పుకున్నాక గ్రిడ్ మీద బరువు పడే వేళ అది తిరుగుతూ ఉంటుంది, తెల్లారేదాకా ఆగదు. అందుకే అన్నిటికన్నా ముందు దాన్ని పెట్టాం.

1200 మిల్లీమీటర్ల పాత ఫ్యాను పూర్తి వేగంలో సుమారు 75 వాట్లు లాగుతుంది. బ్రష్‌లు లేని, ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే బీఎల్‌డీసీ మోటారు ఉన్నది అదే గాలిని 28 నుంచి 35 వాట్లకు ఇస్తుంది. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. నిమిషానికి వచ్చే గాలిని ఘనపు మీటర్లలో కొలిచి వాట్లతో భాగిస్తే ఆ ఫ్యాను సర్వీస్ వాల్యూ వస్తుంది. అప్పుడు పెట్టిన ప్రమాణంలో ఈ సైజు ఫ్యానుకు అది కనీసం 6 ఉంటే అయిదు స్టార్లు. అంటే 210 ఘనపు మీటర్ల గాలి ఇచ్చే అయిదు స్టార్ల ఫ్యాను 35 వాట్లు మించకూడదు.

75 నుంచి 30కి దిగితే మిగిలేది 45 వాట్లు. రోజుకు పది గంటలు, ఏడాదిలో 300 రోజులు తిరిగితే 135 యూనిట్లు. కొత్త ఫ్యాను ధర మొత్తంగా 2,700 రూపాయలు అనుకుందాం. పదేళ్ల ఆయుష్షు, 9 శాతం వడ్డీతో లెక్క వేస్తే ఏటా పడే భారం 420 రూపాయల చిల్లర. ఆదా అయిన ఒక్కో యూనిట్‌కు 3 రూపాయల 12 పైసలు. ఎలాగూ కొత్త ఫ్యాను కొనబోతున్న ఇంట్లో మామూలు దాని బదులు ఇది కొనిపిస్తే చూడాల్సింది తేడా ధరే. అది 1,200 రూపాయలైతే యూనిట్‌కు 1 రూపాయి 40 పైసలు దాటదు. ఇవన్నీ ఒక్కొక్కటిగా దుకాణంలో కొనే ధరల మీద వేసిన లెక్కలు. లక్షల్లో టెండరు పిలిస్తే ధర ఇంకా దిగుతుంది.

ఇప్పుడు దీన్ని ఎక్స్ఛేంజీ ధర పక్కన పెట్టి చూడండి. అక్కడ యూనిట్ గరిష్ఠ ధర 10 రూపాయలు. వేసవి సాయంత్రాల్లో ఆ పైకప్పు తగిలిన రోజులు మీ విద్యుత్ కొనుగోలు విభాగాలకు బాగా గుర్తుంటాయి. పైగా ఫ్యాను దగ్గర ఆదా అయిన యూనిట్ మధ్యలో లైన్లలో, ట్రాన్స్‌ఫార్మర్లలో పోయేదాన్ని కూడా తప్పిస్తుంది. నష్టాలు 11 శాతం అనుకుంటే ఇంటి దగ్గరి ఒక యూనిట్ కొనుగోలు దగ్గర 1.12 యూనిట్లతో సమానం. పది లక్షల ఫ్యాన్లు మారిస్తే, పీక్ వేళ వాటిలో నూటికి డెబ్బై తిరుగుతున్నాయనుకున్నా, 35 మెగావాట్లు తగ్గుతాయి. కోటి ఫ్యాన్లకు 350 మెగావాట్లు. రెండు రాష్ట్రాల్లో ఉన్న ఇళ్లు, ఇంటికి కనీసం రెండు ఫ్యాన్లు చూసుకుంటే కోటి అందుకోలేని అంకె కాదు. దీనికి బొగ్గు రవాణా అక్కర్లేదు, భూసేకరణ అక్కర్లేదు, కొత్త లైను అక్కర్లేదు.

ఎల్‌ఈడీ బల్బుల విషయంలో ఇదే దారి పని చేసింది. అందరి అవసరాన్నీ ఒకచోట పోగేసి టెండరు పిలిచేసరికి 2014లో 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. 2015 జనవరిలో ఉజాలాగా దేశమంతా మొదలైన ఆ పథకంలో 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో నిలిచి, పాత బల్బు తెచ్చిచ్చిన ఇంటికి 10 రూపాయలకు కొత్తది ఇచ్చింది. ఆ అనుభవంలోనే ఒక హెచ్చరికా ఉంది. పంపిణీ ముగిశాక చాలా ఊళ్లలో చెడిపోయిన బల్బు ఎక్కడ మార్చుకోవాలో తెలియకుండా పోయింది. బల్బు పారేసి ఇంకోటి కొనుక్కుంటారు. 2,700 రూపాయల ఫ్యాను ఏడాదికే ఆగిపోతే మాత్రం ఊరంతా చెప్పుకుంటుంది, పథకం అక్కడే ఆగుతుంది.

అందుకే ఫ్యాను టెండరు పత్రంలో ఏం రాయాలన్నది ధర కన్నా ముఖ్యం. బీఎల్‌డీసీ ఫ్యానులో తీగచుట్ట ఎక్కువకాలం మన్నుతుంది, పోయేది లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు. పల్లెల్లో న్యూట్రల్ వదులైన రోజు 230 ఉండాల్సిన చోట 300 వోల్టులు దాటుతుంది, ఉరుములప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి సర్జ్ వస్తుంది. 140 నుంచి 285 వోల్టుల దాకా నడవాలి, అంతకు మించితే తనంతట తాను ఆగి మళ్లీ మొదలవ్వాలి, సర్జ్ రక్షణ బోర్డులోనే ఉండాలి అని షరతు పెట్టండి. తీగలో పారే కరెంటులో నిజంగా పనికి వచ్చే వంతు, అంటే పవర్ ఫ్యాక్టర్, 0.9 కన్నా తగ్గకూడదు. చవక బోర్డుల్లో అది 0.6 దగ్గర ఆగిపోతుంది. అప్పుడు ఇంటి మీటరులో యూనిట్లు తగ్గినా తీగలో ఆంపియర్లు అంతగా తగ్గవు, ట్రాన్స్‌ఫార్మర్‌కు రావాల్సిన ఊరట పూర్తిగా రాదు. వారంటీ మోటారుకు మాత్రమే కాదు, బోర్డుకూ అయిదేళ్లు ఉండాలి. మండలానికి ఒక చోటైనా విడి బోర్డు, విడి రిమోట్ దొరకాలి. రిమోట్ పోయిందని మూలన పడ్డ ఫ్యాన్లు తక్కువేం లేవు.

బిగించే మనిషికి చెప్పాల్సింది ఒకటుంది. స్విచ్ బోర్డులోని పాత రెగ్యులేటర్‌ను తప్పించి, ఫ్యానుకు స్విచ్ నుంచి నేరుగా లైను ఇవ్వాలి. రెగ్యులేటర్ కింద బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే ముక్కలైన అలతో బోర్డు వేడెక్కి వారాల్లో పోతుంది. కంపెనీ దాన్ని వారంటీ కింద ఒప్పుకోదు. ఎలక్ట్రీషియన్‌కు ఇది అయిదు నిమిషాల పని. కాని చెప్పకపోతే చేయడు, ఇంటివాళ్లు ఒప్పుకోరు, ఎందుకంటే గోడకున్న రెగ్యులేటర్ తిప్పడం వాళ్లకు అలవాటు. ఇక పాత ఫ్యానును తప్పకుండా వెనక్కి తీసుకుని తుక్కు చేయాలి. లేకపోతే అది పక్క గదిలోకో, సెకండ్ హ్యాండ్ దుకాణంలోకో వెళ్లి మళ్లీ 75 వాట్లు లాగుతుంది. అప్పుడు కాగితం మీద ఆదా ఉంటుంది, సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వచ్చే లైను (ఫీడర్) మీటరులో ఉండదు.

ఏసీల గురించి రెండు మాటలు చాలు. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా వస్తున్నాయి. ఒక డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు తగ్గుతుందన్నది ఇంధన సామర్థ్య బ్యూరో చెప్పే లెక్క. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. పై అంతస్తు శ్లాబుకు సున్నపు రంగో, ఎండను తిప్పికొట్టే పూతో వేయించడం కరెంటు సంస్థ పని కాదనుకోవద్దు. మే నెల రాత్రి పదకొండింటికి కూడా ఆ శ్లాబు వేడి ఏసీని ఆగనివ్వదు. ఆ లోడ్ మోసేది మీ ట్రాన్స్‌ఫార్మరే.

ఇక వ్యవసాయం. రెండు రాష్ట్రాల్లో కలిపి 45 లక్షలకు పైగా పంపుసెట్లు. పొదుపు గురించి ఎవరు మాట్లాడినా ముందు వీటినే చూపిస్తారు. అవకాశం నిజంగానే పెద్దది, పొరపాట్లు కూడా అంతే పెద్దవి. అందుకే ఒక బోరు దగ్గర నిలబడి చూడమని కోరుతున్నాం.

200 లీటర్ల డ్రమ్ము, ఒక స్టాప్‌వాచ్ చాలు. డెలివరీ పైపు కింద డ్రమ్ము పెడితే 50 సెకన్లలో నిండింది, అంటే సెకనుకు 4 లీటర్లు. మోటారు నడుస్తుండగా నీటిమట్టం 38 మీటర్ల లోతున ఉంది. నేల మీద పైపు ఎత్తు 2 మీటర్లు, పైపుల్లో రాపిడికి 5 మీటర్లు కలిపితే పంపు నీటిని ఎత్తాల్సిన మొత్తం ఎత్తు, అంటే హెడ్, 45 మీటర్లు. నీటికి నిజంగా కావలసిన శక్తి 4 ను 45 తో, 9.81 తో గుణించి వెయ్యితో భాగించినంత, అంటే 1.77 కిలోవాట్లు. ఇప్పుడు స్టార్టర్ డబ్బా తెరిచి, తీగలోని ఆంపియర్లు కొలిచే టాంగ్ టెస్టర్ పెడితే 10.5 ఆంపియర్లు చూపింది. వోల్టేజీ 380, పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే లాగుతున్నది 5.5 కిలోవాట్లు. సామర్థ్యం 32 శాతం. మూడింట రెండు వంతులు వేడిగా, రాపిడిగా పోతోంది. ఆ మోటారు నేమ్‌ప్లేటు మీద 5 హెచ్‌పీ అని ఉంటుంది, లాగేది మాత్రం అంతకన్నా పెద్ద మోటారు లాగాల్సినంత.

కారణాలు వెతికితే చాలావరకు దుకాణంలోనే దొరుకుతాయి. 90 మీటర్ల హెడ్‌కు తయారైన, స్టేజీలు (నీటిని పైకి నెట్టే చక్రాల వరుసలు) ఎక్కువున్న పంపును 45 మీటర్ల బోరులో దించుతారు, 'ఎక్కువ స్టేజీలుంటే ఎక్కువ నీళ్లు' అన్న నమ్మకంతో. అది తన సరైన స్థానం దాటి పరిగెత్తుతూ సామర్థ్యం పోగొట్టుకుని మోటారును ఓవర్‌లోడ్ చేస్తుంది. మోటారు కాలితే రీవైండింగ్. మోటారు లోపలి ఇనుప రేకులు (స్టాంపింగులు) వేడికి పాడై, తీగ గేజి మారి, ప్రతి రీవైండింగ్‌కూ సామర్థ్యం ఇంకొంత దిగుతుంది. రైతును తప్పుపట్టడానికేం లేదు. 380 కాదు, 320 వోల్టులే వచ్చే లైను చివర మోటారు తిరగాలంటే బలమైనదే కావాలని ఆయన అనుభవం చెబుతుంది.

అదే బోరుకు తగిన పంపు పెడితే మొత్తం సామర్థ్యం 50 శాతం తేవచ్చు. లాగేది 3.5 కిలోవాట్లు, ఆదా 2 కిలోవాట్లు. రోజుకు 9 గంటలు, ఏడాదికి 150 రోజులైతే 2,700 యూనిట్లు. ఈ యూనిట్లు పగటిపూట, సౌర విద్యుత్తు దండిగా ఉన్న వేళ మిగులుతాయి కనుక వాటికి 3 రూపాయలే విలువ కట్టినా 8,100 రూపాయలు. సెట్టు, పైపులు, బిగింపు కలిపి 40 వేలనుకుంటే తిరిగి రావడానికి అయిదేళ్లు. ఫ్యానంత తేలికైన బేరం కాదు ఇది. అందువల్ల 'పంపులు మారిస్తే డిస్కంల కష్టాలు తీరతాయి' అనే మాటను మేం సమర్థించం. చేయదగినదే, కాని చేసే వరుస తప్పితే డబ్బు బోరులో పోసినట్టే.

పంపు మార్చేముందు ఆలోచించాల్సిన మెలిక ఒకటి ఉంది. కరెంటు ఇచ్చే గంటలు స్థిరం, బిల్లు లేదు, ఆటో స్టార్టర్ పెట్టి ఉంది. కరెంటు రాగానే మోటారు లేస్తుంది, పోయినప్పుడే ఆగుతుంది. ఆ పరిస్థితుల్లో పాత 5 హెచ్‌పీ తీసి, మంచి సామర్థ్యమున్నదే అయినా అంతే కిలోవాట్లు లాగేది పెడితే, నీళ్లు సెకనుకు 6 లీటర్లు దాటతాయి, యూనిట్లు ఒక్కటీ తగ్గవు. భూగర్భ జలం మాత్రం ఇంకా ముందే అడుగంటుతుంది. కనుక టెండరులో 'అయిదు స్టార్ల పంపు' అని రాస్తే సరిపోదు. ప్రతి బోరుకూ నీటిమట్టం, ఊట కొలిచి, స్టేజీలు లెక్కకట్టి, పాతదానికన్నా తక్కువ కిలోవాట్లు లాగే సెట్టే పెట్టాలి. కొలవకుండా ఒకే మోడల్ పంపును మండలమంతా దించితే పథకం మొదటి వేసవికే విఫలమవుతుంది. తూర్పు గోదావరి జిల్లా రాజానగరం మండలంలో పంపులు మార్చిన ప్రయత్నం, మహారాష్ట్రలో మంగళవేఢలో అంతకుముందు జరిగినది మన ముందున్నాయి. కొత్త పథకాల వివర నివేదికలు (డీపీఆర్‌లు) రాసేవాళ్లు ముందుగా ఆ రెండు చోట్లా ఈనాడు ఎన్ని పంపులు అలాగే తిరుగుతున్నాయో వెళ్లి కొలవాలి.

వరుస ఏమిటంటే, ముందు వోల్టేజీ. 63, 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కిలోమీటరు దాకా సాగిన తక్కువ వోల్టేజీ (ఎల్‌టీ) లైను తీసేసి, 11 కేవీ లైనే పొలం దాకా తెచ్చి, మూడు నాలుగు మోటార్లకు ఒక 25 కేవీఏ పెట్టడం. అదే శక్తికి 11 కేవీలో ఆంపియర్లు ఇరవై ఆరో వంతే. మోటారుకు సరైన వోల్టేజీ అందితేనే రైతు చిన్న మోటారును నమ్ముతాడు. ఆ తర్వాత పవర్ ఫ్యాక్టర్‌ను పెంచే కెపాసిటర్. ఉచిత విద్యుత్తుకు ఐఎస్ఐ పంపు, రాపిడి లేని ఫుట్‌వాల్వు, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపు, తగిన కెపాసిటర్ ఉండాలని టారిఫ్ ఉత్తర్వుల్లో ఏళ్లుగా రాసి ఉంది. పొలాల్లో ఆ కెపాసిటర్ ఎన్ని చోట్ల పని చేస్తోంది? 3 హెచ్‌పీకి 1 కేవీఏఆర్, 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్, అంత చిన్న వస్తువు. పవర్ ఫ్యాక్టర్ 0.70 నుంచి 0.90కి వస్తే ఆ లైనులో నష్టం 40 శాతం తగ్గుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితం ఇచ్చే పని పంపిణీలో మరొకటి మాకు కనబడదు.

అయినా కెపాసిటర్ ఎందుకు నిలవదంటే, కొన్నిచోట్ల దాన్ని స్టార్టర్‌కు ముందు, మెయిన్ వైపు కలుపుతారు. మోటారు ఆగినా అది లైను మీదే ఉండి, లోడ్ లేని వేళ వోల్టేజీ పెంచుతుంది, త్వరగా ఉబ్బి పోతుంది. స్టార్టర్ తర్వాత, మోటారు వైపు కలపాలి, మోటారుతో పాటే లేచి మోటారుతో పాటే ఆగాలి. ఇంకొన్నిచోట్ల మోటారు కాలిన రోజు మెకానిక్ 'ఈ డబ్బా వల్లే' అని వైరు కోసేస్తాడు. మళ్లీ ఎవరూ చూడరు. పెట్టడానికి కాంట్రాక్టరుకు డబ్బిస్తున్నారు, పని చేయిస్తూ ఉండటానికి ఎవరికీ ఇవ్వడం లేదు. ఏటా ఖరీఫ్ ముందు ఒకసారి, రబీ ముందు ఒకసారి టాంగ్ టెస్టర్‌తో కెపాసిటర్ ఆంపియర్లు చూసి నమోదు చేసే పనికి లైన్‌మన్‌కో, ఊళ్లో శిక్షణ పొందిన కుర్రాడికో, కొలిచిన ఒక్కో మోటారుకు ఇంత అని ఇవ్వండి. మూడో మెట్టు పంపు మార్పిడి. మోటార్లన్నీ ఒకేసారి లేచి ఫ్యూజులు పోకుండా ఆటో స్టార్టర్ల బదులు, ఒక్కోటి కొన్ని సెకన్లు ఆలస్యంగా లేచే టైమర్లు పెట్టడం దీంతో పాటే జరగాలి.

పంచాయతీ వీధి దీపాలకు విడి తీగ, దానికో స్విచ్ ఉంటే పట్టపగలు వెలగవు. తెలంగాణ పల్లె ప్రగతిలో మూడో తీగ లాగింది ఇందుకే. మిగిలిపోయిన ఊళ్లు పూర్తి చేయడం తప్ప ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ల కొనుగోలు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇది పూర్తిగా డిస్కం చేతిలో ఉన్న పొదుపు, ఏ వినియోగదారుణ్నీ ఒప్పించనక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్లను సామర్థ్యాన్ని బట్టి లెవెళ్లుగా విడదీసే ఐఎస్ 1180 ప్రమాణంలో 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు సగం లోడ్ దగ్గర మొత్తం నష్టం లెవెల్ 1లో 520 వాట్లు, లెవెల్ 3లో 435. తేడా 85 వాట్లు. ఏడాదికి 8,760 గంటలు. సగం లోడ్ మీదే నడిచిందనుకుంటే 745 యూనిట్లు, పాతికేళ్లలో 18,600 యూనిట్లు. ధర ఒక్కటే చూసి, తక్కువ చెప్పినవాడికి ఇచ్చే ఎల్1 టెండరులో ఈ 18,600 యూనిట్లకు విలువ సున్నా. కొనే ధరకు, లోడ్ లేనప్పటి నష్టంలో ఒక్కో వాట్‌కు ఇంత, లోడ్ నష్టంలో ఒక్కో వాట్‌కు ఇంత అని జీవితకాలపు ఖర్చు కలిపి పోల్చితే గెలిచేవాడు మారతాడు. ఆ రెండు గుణకాలూ ఎంత ఉండాలో ఈఆర్‌సీయే ప్రకటించి, ఆ పద్ధతిలో కొనని ట్రాన్స్‌ఫార్మర్ల అదనపు నష్టాన్ని టారిఫ్‌లోకి అనుమతించకూడదు.

ఇంత లాభముంటే డిస్కంలు ఎందుకు చేయడం లేదన్నది అసలు ప్రశ్న. జవాబు అధికారుల్లో కాదు, లెక్కలో ఉంది.

2025-26 ఆంధ్రప్రదేశ్ గృహ టారిఫ్‌లో 400 యూనిట్లు దాటాక ఒక్కో యూనిట్ 9 రూపాయల 75 పైసలు. 31 నుంచి 75 మధ్య స్లాబులో 3 రూపాయలు. కొనుగోలు ఖర్చు నష్టాలతో కలిపి 5 రూపాయల 60 పైసలు అనుకుందాం. చిన్న ఇంట్లో ఒక యూనిట్ తగ్గితే డిస్కంకు 2 రూపాయల 60 పైసలు మిగులుతుంది. పెద్ద ఇంట్లో తగ్గితే 4 రూపాయల 15 పైసలు చేజారుతుంది, తీగలు, సబ్‌స్టేషన్లు, జీతాల ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది. కనుక డిస్కంను 'పెద్ద వినియోగదారులకు పొదుపు నేర్పు' అనడం తన ఆదాయం తానే కోసుకోమనడం. కాలిఫోర్నియాలో 1982లోనే దీనికి దారి చూశారు. అమ్మిన యూనిట్లు ఎన్నయినా అనుమతించిన స్థిర ఖర్చు ఏడాది చివర సర్దుబాటుతో వచ్చేలా ఆదాయాన్ని అమ్మకాల నుంచి విడదీశారు. అంచనా ఖర్చుకూ అసలు ఖర్చుకూ తేడాను తర్వాత సర్దే ట్రూ అప్ విధానం మనకు ఉండనే ఉంది. కొలిచి నిరూపించిన ఆదా వల్ల పోయిన స్థిర వ్యయపు భాగాన్ని అందులో ఒప్పుకోవడమే కాక, నికర లాభంలో చిన్న వాటా డిస్కంకు ప్రోత్సాహకంగా ఇవ్వండి. కొలవని ఆదాకు మాత్రం పైసా ఇవ్వకండి.

వ్యవసాయంలో మెలిక ఇంకో రకం. అక్కడ యూనిట్ తగ్గితే మిగిలేది రాష్ట్ర ఖజానాకు. విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ముందే చెల్లించాల్సిన సబ్సిడీ తగ్గుతుంది. పెట్టుబడి డిస్కంది, లాభం ఆర్థిక శాఖది. పైగా మీటరు లేని ఈ అమ్మకాలను నమూనా ట్రాన్స్‌ఫార్మర్ల మీటర్ల నుంచి అంచనా కట్టే పద్ధతే ఉంది. అంచనాలో తేడా వస్తే అది నష్టాల్లోకి పోతుందో, వ్యవసాయంలోకి పోతుందో బయటివాళ్లకు తెలియదు. దీనికి ప్రతి మోటారుకూ మీటరు పెట్టి రైతుల్లో భయం రేపనక్కర్లేదు. పథకం చేపట్టిన ఫీడర్‌లో ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కూ మీటరు పెట్టి, పని మొదలయ్యే ముందు ఏడాది పొడవునా చదవండి. అక్టోబరులో నీళ్లు పైన ఉంటాయి, మే నెలలో లోతున, కనుక ఒక నెల కొలతను ఇంకో నెలతో పోల్చకూడదు. మారిన నీటిమట్టానికి సర్దుబాటు చేసిన ఆదా ఎంతో, దానికి తగ్గ సబ్సిడీలో అంగీకరించిన వాటా అన్నేళ్లూ డిస్కంకు వస్తుందని ప్రభుత్వం, డిస్కం, ఈఆర్‌సీ ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ ఒప్పందం లేకుండా పంపుల మార్పిడికి ఏ సంస్థ పెట్టుబడి పెట్టినా రెండో ఏడాదికి బకాయిలు అడుక్కుంటూ కూర్చుంటుంది.

తెలంగాణలో 2024 మార్చి నుంచి అమల్లో ఉన్న గృహజ్యోతి విషయంలోనూ ఇలాంటి గడపే ఉంది. అర్హత ఉన్న ఇంట్లో 200 యూనిట్ల లోపు బిల్లు సున్నా. వేసవిలో 220కి వెళ్లే ఇంట్లో రెండు ఫ్యాన్లు మారిస్తే నెలకు 27 యూనిట్లు తగ్గి 193 అవుతుంది. ఆ ఇంటికి ఇది పెద్ద మేలు. ప్రభుత్వానికి మాత్రం అంతదాకా బిల్లు కట్టిన ఇల్లు సబ్సిడీలోకి వస్తుంది. 150 యూనిట్లు వాడే ఇంట్లో అవే ఫ్యాన్లు పెడితే ప్రతి యూనిట్‌కూ సబ్సిడీ తగ్గుతుంది. అందుకని ఫ్యాన్లు మొదట 200కు బాగా లోపలున్న ఇళ్లకు ప్రభుత్వ డబ్బుతో, గడప దగ్గరి ఇళ్లకు, అంతకు పైన ఉన్నవాళ్లకు బిల్లులో నెలవారీ వాయిదాలతో ఇవ్వండి. ఎవరికీ అన్యాయం లేకుండా ఖజానా లెక్క నిలబడుతుంది.

ఇవన్నీ నడవడానికి మీ నుంచి కావలసినవి ఇవి. రాబోయే నివేదికల కొనుగోలు పట్టికలో 'వినియోగదారుల వద్ద ఆదా' అనే వరుస తప్పనిసరి చేయండి. అందులో సౌర వేళ, సాయంత్రపు పీక్, రాత్రి అని మూడు గడులుండాలి, ఎందుకంటే మధ్యాహ్నం పన్నెండింటికి మిగిలిన యూనిట్, రాత్రి ఎనిమిదింటికి మిగిలిన యూనిట్ ఒకటి కావు. 10 కిలోవాట్లు మించిన వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు 2024 ఏప్రిల్ నుంచి కేంద్ర నిబంధనలే వేళను బట్టి మారే (టీఓడీ) టారిఫ్ వర్తింపజేయమంటున్నాయి. వేళను బట్టి ధర వసూలు చేస్తున్నప్పుడు వేళను బట్టి ఆదాకు విలువ కట్టడంలో కష్టమేముంది? డిస్కంలలో ఏటా ఎనర్జీ ఆడిట్ జరగాలని 2021 అక్టోబరులో ఇంధన సామర్థ్య బ్యూరో నిబంధనలు వచ్చాయి. ఆ ఆడిట్ నివేదికలను డీఎస్‌ఎం ప్రణాళికకు జత చేసి విచారణలో అందరి ముందు పెట్టించండి. నష్టాలు ఎక్కువున్న ఫీడర్ పేరుతో సహా తెలియాలి.

కార్యక్రమం నడిపే బాధ్యత డిస్కం సర్కిల్ ఆఫీసుల మీదే వేయకండి. లైన్లు చూసుకోవడానికే అక్కడ మనుషులు చాలరు. ఆదా అయిన యూనిట్‌కు ఇంత అని ధర ప్రకటించి, కొలత అయ్యాకే చెల్లించే పద్ధతిలో బయటి సంస్థలను పిలవండి. కొలిచేవాడు, పని చేసేవాడు ఒకే సంస్థ కాకూడదు. కొలిచేవాడిని ఈఆర్‌సీ నియమించాలి, ఫీజు ఈఆర్‌సీ ద్వారానే అందాలి. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం 2000 నుంచి పొదుపుకే ప్రత్యేకించిన సంస్థతో పని నడిపిస్తోంది. ఇక్కడ కొత్త కార్పొరేషన్ పెట్టనక్కర్లేదు. విడి ఖాతా, విడి లక్ష్యం, జవాబు చెప్పే ఒక చీఫ్ ఇంజనీరు ఉంటే చాలు.

మొదటి విడతగా ఒక్కో డిస్కంలో లక్ష ఫ్యాన్లు, ఇరవై వ్యవసాయ ఫీడర్లు, ఆ ఏడాది కొనే ట్రాన్స్‌ఫార్మర్లన్నీ చేపట్టండి. ఫీడర్ల ఎంపికలో నష్టాలు ఎక్కువున్నవి సగం, మామూలువి సగం ఉండాలి. సులువైనవే ఏరుకుని చూపించే ఫలితం తర్వాత ఎక్కడా పునరావృతం కాదు. ట్రాన్స్‌ఫార్మర్ మీటర్లు ఈ రబీలోపే బిగిస్తే వచ్చే రబీ నాటికి ముందు ఏడాది కొలత చేతికొస్తుంది, పంపులు అప్పుడు మార్చవచ్చు. ఫ్యాన్ల టెండరుకు అంతకాలం ఆగనక్కర్లేదు. ఇప్పుడు పిలిస్తే మార్చిలోపు ఇళ్లకు చేరతాయి. నవంబరు 30న వచ్చే నివేదికలో ఆ వరుస లేకపోతే నివేదికను తిప్పి పంపి, చేర్చి తెమ్మని డిస్కంలను ఆదేశించాలని మా విన్నపం. బహిరంగ విచారణలో ఈ లెక్కలన్నిటికీ, అవి వేసిన షీట్లతో సహా వచ్చి సమాధానం చెప్పడానికి మేం సిద్ధం.

ఇట్లు,
విద్యుత్ పంపిణీ, ఎనర్జీ ఆడిట్, పంపుసెట్ల రంగాల్లో పనిచేస్తున్న ఇంజనీర్లం